కెమెరా సెట్టింగులు ఎక్కడ ఉంచాలి: కెమెరాలోనా, ఫైల్‌లోనా, కోడ్‌లోనా?

ఫ్యాక్టరీ లైన్లలో వాడే పారిశ్రామిక కెమెరాలో ఎక్స్‌పోజర్ (వెలుతురు తీసుకునే సమయం), గెయిన్ (సిగ్నల్ పెంపు), ట్రిగ్గర్ (బొమ్మ తీయమనే సంకేతం), ఆర్‌ఓఐ (బొమ్మలో మనకు కావలసిన భాగం) అన్నీ కుదిరాక వాటిని కెమెరాలోని యూజర్‌సెట్‌లో (సెట్టింగులు దాచుకునే కెమెరా సొంత మెమరీ) సేవ్ చేయాలా, కంప్యూటర్లో ఫైల్‌గా పెట్టుకోవాలా, ప్రోగ్రామ్ మొదలైనప్పుడల్లా కోడ్‌తో రాయించాలా అని చాలామంది అడుగుతున్నారు. మూడూ వాడాను. ఇప్పుడు నా మొగ్గు ఫైల్‌ వైపే.

యూజర్‌సెట్ సుఖమైన దారి. యూజర్‌సెట్1లో సేవ్ చేసి, దాన్నే యూజర్‌సెట్ డిఫాల్ట్‌గా ఎంచుకుంటే కరెంటు పోయి వచ్చినా కెమెరా అవే విలువలతో లేస్తుంది. కానీ లోపల ఏముందో కెమెరా తెరిస్తే గానీ తెలియదు. ఒకసారి మా లైన్‌లో కెమెరా చచ్చిపోయింది. అదే మోడల్ కొత్తది బిగించాం, బొమ్మ చీకటిగా వచ్చింది. సెట్టింగులన్నీ తీసేసిన కెమెరాతోనే వెళ్లిపోయాయి, వాటి నకలు ఎవరి దగ్గరా లేదు. పాత బొమ్మలు పక్కన పెట్టుకుని ఎక్స్‌పోజర్ వెతుక్కోవడానికి సగం రోజు పట్టింది. అందుకే నాకు తేల్చే ప్రశ్న ఒక్కటే: కెమెరా మార్చిన రోజు సెట్టింగులు మన చేతిలో ఉంటాయా?

ఫైల్ అయితే ఉంటాయి. కెమెరాలు చేసే బాస్లర్ కంపెనీ సాఫ్ట్‌వేర్ పైలాన్ ఇచ్చే పీఎఫ్ఎస్ (సెట్టింగుల) ఫైల్ మామూలు టెక్స్టే, వరుసకో పేరు, దాని విలువ. గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర ఉంచే సాధనం) పెడితే నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో కళ్లముందు కనిపిస్తుంది. అయితే దాన్ని మీరే చదివి వరుసగా రాయించే ప్రయత్నం వద్దు. వెడల్పు పూర్తిగా ఉన్నప్పుడు ఆఫ్‌సెట్ ఎక్స్ (ఎడమ అంచు నుంచి ఆర్‌ఓఐ ఎంత జరిగి మొదలవుతుందో) సున్నా దాటదు, కాబట్టి ముందు వెడల్పు తగ్గించాలి. పెంచేటప్పుడు తిరగేసి, ముందు ఆఫ్‌సెట్ సున్నా చేయాలి. తయారీదారు ఇచ్చిన లోడ్ ఫంక్షనే వాడండి. పైలాన్‌లో అయితే వాలిడేట్ ఆన్‌లో ఉంచండి, రాసిన విలువ నిజంగా కూర్చుందో లేదో అదే చూస్తుంది. ఆటో ఎక్స్‌పోజర్ ఆఫ్ చేశాకే సేవ్ చేయండి, లేకపోతే ఆ క్షణాన ఉన్న విలువ ఫైల్‌లోకి ఎక్కుతుంది.

గిగ్ఈ కెమెరాలకు, అంటే నెట్‌వర్క్ కేబుల్ మీద బొమ్మలు పంపేవాటికి, ఇంకో చిక్కుంది. ప్యాకెట్ సైజ్ (ఒక్కో ముక్కలో ఎంత డేటా పంపాలో) కూడా ఆ ఫైల్‌లోకే వస్తుంది. ఎక్స్‌పోజర్ కెమెరా చూసే దృశ్యానికి సంబంధించింది, ప్యాకెట్ సైజ్ మాత్రం నెట్‌వర్క్ కార్డుకు సంబంధించింది. జంబో ఫ్రేములు (మామూలు కంటే పెద్ద నెట్‌వర్క్ ప్యాకెట్లు) ఆన్ చేయని కంప్యూటర్లో ప్యాకెట్ సైజ్ 9000 బైట్ల దగ్గర ఉన్న ఫైల్ లోడ్ చేస్తే బొమ్మలు రావు. తప్పు కెమెరాదనుకుని కేబుళ్లు మార్చుకుంటూ కూర్చుంటాం. ప్యాకెట్ సైజ్‌ను నేను ఫైల్‌లోంచి తీసేసి ఏ కంప్యూటర్‌కు ఆ కంప్యూటర్‌లోనే పెడతాను.

కోడ్‌తో రాయించడం వస్తువు మారినప్పుడల్లా ఎక్స్‌పోజర్ మారే చోట బాగుంటుంది. జెన్‌ఐకామ్ (కెమెరా కంపెనీలన్నిటికీ ఉమ్మడి ప్రమాణం) వల్ల సెట్టింగుల పేర్లు చాలావరకు ఒకటే, కానీ బాస్లర్ పాత గిగ్ఈ మోడళ్లలో ఎక్స్‌పోజర్‌టైమ్ బదులు ఎక్స్‌పోజర్‌టైమ్‌ఏబీఎస్ అని ఉంటుంది. రోజూ వ్యూయర్‌లో (కెమెరా బొమ్మ, సెట్టింగులు చూపే ప్రోగ్రామ్) చేత్తో పెట్టుకోవడం ప్రయోగాలప్పుడే.

ఇప్పుడు మా ప్రోగ్రామ్ ముందు ఫ్యాక్టరీ డిఫాల్ట్ లోడ్ చేస్తుంది, పాత ప్రోగ్రామ్ వదిలేసిన విలువలు మిగలకుండా. తర్వాత ఫైల్, ఆపైన తిరిగి చదివి సరిచూడటం. యూజర్‌సెట్‌ను ఒక్క పనికే ఉంచాను: లైటును నడిపే అవుట్‌పుట్ లైన్ ఇన్వర్టర్ (ఆ సంకేతాన్ని తిరగేసే సెట్టింగు). అది తప్పుగా ఉంటే కరెంటు వచ్చినప్పటి నుంచి ప్రోగ్రామ్ లేచేదాకా లైటు వెలుగుతూనే ఉంటుంది.