ఇంట్లో షార్ట్‌వేవ్ యాంటెన్నా: పొడుగు వైరా, లూపా?

"అన్నా, అపార్ట్‌మెంట్‌లో ఉండాం, మిద్దెపైన వైరు కట్టనీరు, గదిలో ఏం పెడితే రేడియోలో షార్ట్‌వేవ్ (దూరదేశాల స్టేషన్లు) బాగా వస్తుంది?" అని ఈ మధ్య చాలామంది ఇదే అడుగుతుండారు. నేను కూడా కావలిలో మూడో అంతస్తు ఫ్లాట్‌లోకి మారినాక పొడుగు వైరు, లూప్ (వైరుని చుట్టులాగా కట్టే యాంటెన్నా) రెండూ కట్టి చూశా, అందుకే రాస్తున్నా.

ముందు పొడుగు వైరే కట్టా. 8 మీటర్ల సన్న వైరు, కిటికీ పైనించి గోడ అంచెంబడి తిప్పి, కొస ఒలిచి రేడియో యాంటెన్నా పుల్లకి క్లిప్పు పెట్టా. సిగ్నల్ మీటరు నిండా లేచింది కానీ మాట మాత్రం తేటగా వినపడలా, స్టేషన్‌తో పాటు జుయ్‌మనే రొద కూడా అంతే లేచింది.

ఒకరోజు రాత్రి 31 మీటర్ల బ్యాండులో (షార్ట్‌వేవ్‌లో ఒక భాగం) రొద కింద ఎవరో ఇంగ్లీషులో మాట్లాడతా ఉంటే చెవి ఆనించి వింటుండా, గాలికి కరెంటు పోయింది. ఫ్యాను ఇంకా ఊపు మీద తిరగతానే ఉంది, రేడియోలో రొద మాత్రం టక్కున ఆగిపోయి ఆ గొంతు పక్కగదిలో మాట్లాడినట్టు వచ్చింది. కరెంటు వచ్చి ఎల్ఈడీ బల్బు వెలగ్గానే మళ్ళీ జుయ్. నాకు అప్పుడు అర్థమైంది, మన తిప్పలు సిగ్నల్ తక్కువై కాదు, రొద ఎక్కువై. బల్బులు, ఫోన్ ఛార్జర్లు, వైఫై అడాప్టరు, ఇన్వర్టరు అన్నీ ఆ రొద పుట్టించేవే, గోడలో కరెంటు వైర్లు దాన్ని ఇల్లంతా మోస్తాయి. ఆ గోడెంబడే మనం యాంటెన్నా వైరు లాగితే ఇంకేముంది! పైగా స్లాబులో ఇనుము బయట సిగ్నల్‌ని సగం ఆడే ఆపేస్తుంది.

లూప్ గొప్పతనం ఈడే. ఇంట్లో దగ్గర్నించి వచ్చే రొదని అది వైరంత పట్టదు, నిలువుగా పెట్టి మెల్లిగా తిప్పతా ఉంటే ఒకచోట రొద చప్పున పడిపోద్ది. నేను పీవీసీ పైపులతో ప్లస్ గుర్తు లాగా ఫ్రేము చేసి, ఇంటి వైరింగుకి వాడే కాపర్ వైరుతో మీటరు వెడల్పు చుట్టు ఒకటే వేసి, రెండు కొసలకీ పాత రేడియోలో గ్యాంగ్ కండెన్సర్ (స్టేషన్ మార్చేదానికి తిప్పే కండెన్సర్) కలిపా. లోపల జానెడు వెడల్పు చిన్న చుట్టు ఇంకోటి, దాని కొసలు రేడియో యాంటెన్నా సాకెట్‌లోకి. 49 మీటర్ల బ్యాండు నించి 19 మీటర్ల బ్యాండు దాకా పట్టుద్ది. ఒకటే ఇబ్బంది, స్టేషన్ మార్చినప్పుడల్లా గ్యాంగ్ కూడా తిప్పి ట్యూన్ చేసుకోవాల. సిగ్నల్ మీటరు చూస్తే వైరుకంటే తక్కువే చూపిస్తుంది, దాన్ని పట్టించుకోబాకండి, చెవిని నమ్మండి.

ఆన్‌లైన్లో దొరికే యాక్టివ్ లూప్‌లు (యాంప్లిఫయర్ ఉండేవి) కూడా బాగానే ఉంటాయి, పవర్ బ్యాంకుతో నడపండి, ఛార్జర్ పెడితే మళ్ళీ అదే రొద. ఉత్త పుల్లతోనే వింటామంటే కిటికీ దగ్గర పెట్టుకోండి, అంతే.

పల్లెల్లో పెంకుటిల్లు, చుట్టూ ఖాళీ స్థలం ఉండే వాళ్ళు మాత్రం వైరే కట్టండి, బయట వేపచెట్టు దాకా లాగండి, కరెంటు తీగలకి దూరంగా. ఉరుములు మొదలయ్యేలోపే రేడియో నించి ఆ వైరు పీకేయాల, మర్చిపోబాకండి.

ఏదీ కొనకముందే ఈ రాత్రి రేడియోని బ్యాటరీల మీద పెట్టి, ఇంట్లో మెయిన్ ఆపి, ఇన్వర్టరు కూడా ఆపి రెండు నిమిషాలు వినండి. రొద పడిపోతే లూపే కట్టుకోండి. గ్యాంగ్ కండెన్సర్ కోసం పాత రేడియో మెకానిక్‌ల దగ్గర అడగండి, పనికిరాని సెట్లలో మంచివి ఉంటాయి.