జాగ్రత్త: ఓపెన్ యాక్సెస్ ఫీజు కట్టినంత మాత్రాన పేపర్ మీ చేతిలో ఉండదు

జర్నల్లో రీసెర్చ్ పేపర్ యాక్సెప్ట్ అయిందన్న సంతోషంలో ఓపెన్ యాక్సెస్ ఫీజు, అంటే పేపర్‌ని అందరూ ఉచితంగా చదివేలా పెట్టడానికి కట్టే డబ్బు, కట్టబోతున్నవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. హైబ్రిడ్ జర్నల్ అయితే మరీను. హైబ్రిడ్ అంటే తెలుసుగా, ఒకపక్క లైబ్రరీల దగ్గర చందా వసూలు చేస్తూనే, రచయిత డబ్బు కడితే ఆ ఒక్క పేపర్‌ని అందరికీ తెరిచిపెట్టే రకం.

పేరున్న ఒక పబ్లిషర్ హైబ్రిడ్ జర్నల్లో మా పేపర్ వచ్చింది. ప్రాజెక్టు గ్రాంటులోంచి ఫీజు మొత్తం కట్టాం. ఎవరైనా ఉచితంగా దించుకుంటున్నారు, అంతవరకు బాగానే ఉంది. కొన్నాళ్లకి ఒక పాఠ్యపుస్తకం రాస్తున్నవాళ్లు, మీ పేపర్లో బొమ్మ ఒకటి వాడుకుంటామని అడిగారు. భేషుగ్గా వాడుకోండి అన్నాం. తర్వాత వాళ్లే మళ్లీ మెయిల్ పెట్టారు: ఆ బొమ్మకి పబ్లిషర్ పర్మిషన్ల విభాగం రుసుము అడుగుతోందట. రచయితలు ఒప్పుకున్నారు కదా అంటే, ఒప్పుకునే హక్కు రచయితలకి లేదని జవాబిచ్చారట. డేటా మాది, బొమ్మ గీసింది మేము, ఫీజు కట్టింది కూడా మేమే. సొమ్మొకడిది, సోకొకడిది.

అసలు కిటుకంతా లైసెన్స్ ఫారంలో ఉంది. పైన కొట్టొచ్చినట్టు ‘కాపీరైట్: రచయితలు’ అని ఉంటుంది. దాని కింద లైసెన్స్ ఎంచుకునే డ్రాప్‌డౌన్. అందులో ముందే టిక్కు పెట్టి ఉంచింది సీసీ బై ఎన్‌సీ ఎన్‌డీ (సీసీ అంటే క్రియేటివ్ కామన్స్, ఎవరు ఎలా వాడుకోవచ్చో ముందే చెప్పే రెడీమేడ్ లైసెన్స్; మిగతా అక్షరాల సంగతి కింద చెబుతా). ఇంకా కింద, లింకు నొక్కితే తప్ప తెరుచుకోని పేజీలో, మిగిలిన హక్కులన్నీ ఎక్స్‌క్లూజివ్‌గా పబ్లిషర్‌కి ఇస్తున్నామని ఒక పేరా. మూడూ కలిపి చదివితే తేలేది ఇది: కాపీరైట్ పేరుకి మనది, అనుమతులు ఇచ్చేదీ వాటి డబ్బు పుచ్చుకునేదీ వాళ్లు.

సీసీ బై అయితే మన పేరు చెప్పి ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు. ఎన్‌సీ చేరిస్తే వ్యాపారానికి వాడకూడదు. ఎన్‌డీ చేరిస్తే మార్చి పంచకూడదు, అనువాదం కూడా మార్పు కిందే లెక్క. ‘ఎన్‌సీ పెడితే మన పేపర్ మీద ఎవరూ డబ్బు చేసుకోరు’ అనుకుని చాలామంది దాన్నే కావాలని ఎంచుకుంటారు. వ్యాపార హక్కులు మీ దగ్గరే ఉన్నంతవరకు ఆ ఆలోచనలో తప్పు లేదు. అవి ఎక్స్‌క్లూజివ్‌గా రాసిచ్చేశాక మాత్రం ఆ ఆంక్ష మీతో సహా అందరికీ వర్తిస్తుంది, పబ్లిషర్‌కి తప్ప. ఓపెన్ యాక్సెస్ అన్న మాటకి రూపం ఇచ్చిన 2002 నాటి బుడాపెస్ట్ ప్రకటన ఏమందంటే, ఈ రంగంలో కాపీరైట్ పని రచన చెడిపోకుండా రచయితకి అదుపు ఇవ్వడం, తగిన గుర్తింపు దక్కేలా చూడడం, అంతే. బొమ్మల మీద రుసుములు వసూలు చేయడం అందులో ఎక్కడా లేదు.

సీసీ బైకి మార్చమని అడిగాం. అచ్చయ్యాక కుదరదన్నారు. ఇది సగం నిజం. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేం, నిజమే. కానీ హక్కులున్నవాళ్లు అదే పేపర్‌ని ఇంకో లైసెన్స్ కింద అదనంగా ఇవ్వడానికి అడ్డేమీ లేదు. ఇవ్వడం ఇష్టం లేదు, అంతే. కాబట్టి ఏం బేరమాడినా సంతకానికి ముందే. ఫీజు ఇన్‌వాయిస్ కన్నా ముందు ఒప్పందం పూర్తి పాఠం పంపమని అడగండి. సీసీ బై కావాలంటే దాన్నే మీ చేత్తో ఎంచుకోండి. ఆ ఆప్షన్ లేకపోతే ఎడిటర్‌కి కాదు, పబ్లిషర్ ఆఫీసుకి రాయండి. పాపం ఎడిటర్లకి ఈ ఫారాల సంగతి చాలాసార్లు తెలియను కూడా తెలియదు.

ఆ మాటకొస్తే, అసలు కట్టాలా అన్నది ముందు చూసుకోండి. నేచర్ పత్రిక 2021లో ఈ ఓపెన్ యాక్సెస్ ఫీజు పద్ధతి మొదలుపెట్టినప్పుడు పెట్టిన రేటు 9,500 యూరోలు. అన్నిచోట్లా అంత ఉండదు గానీ, తక్కువేం కాదు. చాలా చందా జర్నళ్లు యాక్సెప్టెడ్ మాన్యుస్క్రిప్ట్‌ని, అంటే రివ్యూ అయ్యాక జర్నల్ పేజీ సెట్టింగ్ పడకముందు ఉన్న కాపీని, యూనివర్సిటీ రిపాజిటరీలో పైసా ఖర్చు లేకుండా పెట్టుకోనిస్తాయి. కొన్ని వెంటనే, చాలావరకు 6 నుంచి 24 నెలల ఎంబార్గో (ఆగాల్సిన గడువు) తర్వాత. ఏ జర్నల్ ఏమంటుందో షెర్పా రోమియో అనే సైటులో చూడొచ్చు, ఇప్పుడది జిస్క్ అనే బ్రిటన్ సంస్థ వారి ఓపెన్ పాలసీ ఫైండర్. ప్రీప్రింట్, అంటే రివ్యూకి ముందే ఆన్‌లైన్లో పెట్టే కాపీ, సంగతి ఇంకా తేలిక, వాటిని ఉంచే ఆర్కైవ్ (arXiv) సైటు 1991 నుంచీ నడుస్తోంది. చందా జర్నల్లో వచ్చిన ఫైనల్ పీడీఎఫ్‌ని మాత్రం పరిశోధకులు పేపర్లు పంచుకునే రీసెర్చ్‌గేట్ సైటులో పడేయకండి. జర్నళ్లు వేసే ఎల్సెవియర్, అమెరికన్ కెమికల్ సొసైటీ కలిసి ఆ సైటు మీద 2017లో కోర్టుకెక్కితే, రాజీ కుదిరేసరికి 2023 వచ్చింది.

ఎంబార్గో వద్దనుకుంటే పేపర్ పంపేటప్పుడే ఒక వాక్యం చేర్చండి: దీని నుంచి వచ్చే యాక్సెప్టెడ్ మాన్యుస్క్రిప్ట్‌కి సీసీ బై లైసెన్స్ వర్తింపజేశాం అని. తాము నిధులిచ్చిన పరిశోధన అందరికీ ఉచితంగా అందాలనే ప్లాన్ ఎస్ వెనక ఉన్న నిధుల సంస్థలు 2020లో తెచ్చిన పద్ధతి ఇది. కొన్ని జర్నళ్లు దీన్ని చూడగానే డబ్బు కట్టే దారికి మళ్లించబోతాయి. యాక్సెప్ట్ అయ్యాక కన్నా, ఆ సంగతి మొదట్లోనే తెలియడం మేలు.

కట్టేసినవాళ్లకి ఒక మాట. పేపర్ వెలువడిన రోజున మీ క్యాంపస్ వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద లింకు తెరిచి చూడండి. క్యాంపస్‌లో లైబ్రరీ చందా ఉంటుంది కనుక తాళం వేసిన పేపర్ కూడా మీకు హాయిగా తెరుచుకుంటుంది, తేడా తెలియదు. బయట కొనమని అడుగుతుంటే స్క్రీన్‌షాట్, ఇన్‌వాయిస్ జతచేసి వెంటనే మెయిల్ పెట్టండి. పీడీఎఫ్ మొదటి పేజీ అడుగున ఏ లైసెన్స్ అచ్చయిందో కూడా చూసుకోండి. మీరు ఎంచుకున్నది ఒకటి, అక్కడ పడింది ఇంకొకటి అయితే ఆ ఫిర్యాదు కూడా అదే మెయిల్‌లో రాసేయండి.