ప్రీబయోటిక్ పొడి మంచిదే, స్కూపుతోనే తంటా

కుక్క పేగుల కోసం కొన్న ప్రీబయోటిక్ పొడి మీద ఫిర్యాదు లేదు. ఫిర్యాదంతా అది వచ్చిన డబ్బా మీద, దాంతోపాటు ఇచ్చిన ప్లాస్టిక్ స్కూపు మీద. ఎండాకాలం, వానాకాలం, చలికాలం అన్నీ చూశాక చెబుతున్న మాట: ఈ రెండూ విశాఖ గాలికి పనికొచ్చేవి కావు.

ప్రీబయోటిక్ అంటే పేగులోని మంచి బ్యాక్టీరియాకి తిండయ్యే పీచు, ప్రోబయోటిక్ అంటే ఆ మంచి బ్యాక్టీరియానే. ఈ డబ్బాలో ఉన్నవి చికోరీ వేరు నుంచి తీసిన ఇన్యులిన్ అనే పీచు, అదే రకం పీచైన ఎఫ్‌ఓఎస్, ఈస్టు కణాల గోడ నుంచి వచ్చే మరో పీచు ఎంఓఎస్, వీటితోపాటు కాస్త ఎంటెరోకాకస్ ఫీషియం అనే బతికున్న బ్యాక్టీరియా. తినేది 26 కిలోల లాబ్రడార్. పొద్దున కిబుల్ (కుక్కల ఎండు గుళికల తిండి), రాత్రి ఉడికించిన చికెన్ కలిపిన అన్నం. ఇల్లు లాసన్స్ బే కాలనీలో, సముద్రం గాలి నేరుగా వంటింట్లోకి కొట్టే చోట. తర్వాతి గొడవంతా ఈ చివరి వివరం దగ్గరే మొదలవుతుంది.

ముందు మంచి మాట. ఎప్పుడూ మెత్తగా, ఎత్తితే నేలకి అంటుకునేలా వెళ్లే కుక్కకి మూడో వారం నాటికి తేడా కనిపించింది. పశువుల డాక్టర్లు మలాన్ని 1 నుంచి 7 వరకు స్కేలు మీద చూస్తారు. 1 అంటే మేకపెంటికల్లా ఎండినది, 7 అంటే నీళ్లు. 4, 5 మధ్య ఊగులాడినది 2 దగ్గర నిలిచింది: గట్టిగా, కణుపులు కణుపులుగా, కవర్‌తో తీస్తే కింద మరక మిగలకుండా. పెద్దపేగులోని బ్యాక్టీరియా ఈ పీచుని పులియబెట్టినప్పుడు బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు పుడతాయి. పేగు లోపలి పొరలోని కణాలకి అదే తిండి. ఆ కణాలు బాగుంటే లోపలి నీటిని సరిగ్గా లాక్కుంటాయి, మలం గట్టిపడుతుంది.

ఇక స్కూపు సంగతి. లేబుల్ లెక్క ప్రకారం 10 కిలోల బరువుకి ఒక స్కూపు, స్కూపు అంటే 1 గ్రాము. 26 కిలోలకి రెండున్నర. తిండిలో తేమ తీసేసి లెక్కేస్తే రోజుకి 300 గ్రాములనుకుందాం, ఇన్యులిన్ రకం పీచు అందులో అర శాతం నుంచి ఒక శాతం దాకా ఉంటే సరిపోతుంది. అంటే గ్రామున్నర నుంచి 3 గ్రాములు. కాబట్టి లేబుల్ అబద్ధం చెప్పలేదు. అయితే ఆ లెక్క పొడి పొడిపొడిగా ఉన్నంతకాలమే.

ఇన్యులిన్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. పొట్టి గొలుసుల ఎఫ్‌ఓఎస్ ఇంకా ఆబగా పీల్చుకుంటుంది. జూన్ చివరికి డబ్బా అంచున పొడి జిగురుగా తేలుతుంది, ఆగస్టు వచ్చేసరికి అడుగున ఉన్నదంతా పాత బెల్లం దిమ్మే. చెంచా మొనతో పెళ్లగించాలి. పెళ్లగించిన ముక్కల్ని స్కూపులో అదిమితే గ్రాము పట్టాల్సిన చోట గ్రామున్నర పైనే పడుతోంది. వెండి, బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు మీద పెడితేగానీ ఈ సంగతి బయటపడలేదు. రెండున్నర స్కూపులంటే దాదాపు 4 గ్రాములు! అందులో కొంత బరువు నీళ్లదే అనుకున్నా, కుక్కకి అందేది మోతాదు దాటిపోయింది.

మోతాదు దాటితే ఏమవుతుందో పేగు వెంటనే చెబుతుంది. బ్యాక్టీరియాకి తిండి మరీ ఎక్కువై గ్యాస్ పుడుతుంది. పులియకుండా మిగిలిన పీచు నీటిని తనవైపు లాగుతుంది. పొట్టలో గుడగుడలు, గది ఖాళీ చేయించే వాసన, తర్వాత 5వ నంబరు మలం, ఒక్కోసారి పైన తెల్లటి జిగురు. అసలు ప్రమాదం ఇక్కడుంది. విరేచనాలు ఆపడానికి కొన్న పొడి కదా, కుక్కకి విరేచనాలైతే ఎవరైనా ఏం చేస్తారు? ఇంకో స్కూపు వేస్తారు. పెట్ షాపులో అడిగినా అదే సలహా వచ్చింది. ఎంత వేస్తే అంత పెరుగుతుంది. పొడి పూర్తిగా ఆపేసిన మూడో రోజుకి మలం మళ్లీ కుదురుకుందంటే కారణం కడుపు జబ్బు కాదు, మోతాదే.

లేబుల్ మీద 'చల్లని, పొడి ప్రదేశంలో ఉంచాలి' అని రాసి చేతులు దులుపుకున్నారు. జూలైలో విశాఖలో అలాంటి ప్రదేశం ఎక్కడుందో కూడా రాసి ఉంటే బాగుండేది. ఫ్రిజ్‌లో పెడితే సరిపోతుందనుకుంటారు గానీ, ఇంకా చెడుతుంది. వానాకాలంలో ఇక్కడి గాలి 25 డిగ్రీల దగ్గరే చెమర్చడం మొదలెడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బా మూత తెరిచిన క్షణం నుంచి చల్లటి పొడి మీదకి ఆ తేమంతా చేరుతుంది. రోజుకి రెండుసార్లు తెరిచే డబ్బాకి ఇది చాలు. ఏసీ గదిలో పెట్టి వంటింట్లో తెరిచినా అదే కథ.

పనిచేసిన పద్ధతి ఇది. డబ్బా కొన్న రోజే, పొడి ఇంకా జలజలా జారుతుండగానే, వారానికి సరిపడా చిన్న గాజు సీసాల్లోకి సర్దేయాలి. రబ్బరు వాషర్ ఉన్న మూతలు కావాలి. ఒక్కో సీసాలో ఒక సిలికా జెల్ పొట్లం వేసి, కుక్క మూతికి అందని అరలో, మామూలు గది వేడిలోనే ఉంచాలి. పొట్లం కొరికి మింగితే విషం కాకపోయినా పేగుకి అడ్డం పడొచ్చు. అప్పుడు తెరిచేది ఒక్క సీసానే, మిగతావి గాలి చూడవు. ప్రతిసారీ తూచి వేయాలి, స్కూపు ఎక్కడైనా పారేయొచ్చు.

ఇప్పటికే గడ్డకట్టినదాన్ని కలిపి వాడొచ్చు: 10 గ్రాములు తూచి, మరిగించి గోరువెచ్చగా చల్లార్చిన నీళ్లలో కరిగించి, మొత్తం 100 మిల్లీలీటర్లు అయ్యేలా చూడాలి. 10 మిల్లీలీటర్లకి 1 గ్రాము వస్తుంది, సూది లేని సిరంజితో కొలిచి అన్నంలో పోయడమే. ఫ్రిజ్‌లో నాలుగు రోజులకి మించి ఉంచకూడదు. చల్లారితే ఇన్యులిన్ అడుగున తెల్లగా పేరుకుంటుంది, ఊపి పోయాలి. వాసన తేడా ఉన్నా, రంగు మచ్చలున్నా ఆ గడ్డ చెత్తబుట్టకే. ఒక నష్టం మాత్రం తప్పదు. పీచు వేడికీ నీళ్లకీ చెక్కుచెదరదు గానీ, దాంతో కలిపిన బతికున్న బ్యాక్టీరియా తేమ తగిలిన గడ్డలో మిగిలి ఉంటుందని నమ్మలేం. డబ్బా మీద ఇన్ని కోట్ల బ్యాక్టీరియా అని వేసిన సంఖ్య పొడిగా ఉన్న రోజుది. వేడన్నంలో కలిపేవాళ్లయితే ఆ సంఖ్యని మొదటి రోజు నుంచే నమ్ముకోలేరు.

మొదలుపెట్టేటప్పుడు పావు వంతుతో మొదలుపెట్టి పది రోజుల్లో పూర్తి మోతాదుకి తేవాలి. మధ్యలో ఆపితే మళ్లీ పావు నుంచే.

పైన మెచ్చుకున్నదానికి ఒక సవరణ. ఆ మూడు వారాల్లోనే సాయంత్రం టీతోపాటు కుక్కకి పడే బిస్కెట్లు, రాత్రి అన్నంలో వేసే పాలు కూడా మానిపించాం. పెద్ద కుక్కల్లో చాలావాటికి పాలు పడవు. కాబట్టి 5 నుంచి 2 కి వచ్చిన ఘనతంతా పొడికే కట్టబెట్టలేం. బీచ్‌లో ఉప్పునీళ్లు తాగొచ్చిన రోజు పొడి వేసినా వేయకపోయినా విరేచనాలు అయ్యాయి.

చౌకగా చేద్దామనుకునేవాళ్లకి రైతు బజారులో దొరికే తియ్యగుమ్మడి ఉంది. ఉప్పూ బెల్లం లేకుండా ఆవిరిమీద ఉడికించి రెండు మూడు పెద్ద చెంచాలు. మెడికల్ షాపులో ఇసబ్గోల్ ఉంది, ఈ బరువుకి ఒక చిన్న చెంచా, నీళ్లలో బాగా నానబెట్టి. రుచి కలిపినది వద్దు, అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే కుక్క ప్రాణానికే ముప్పు. ఉల్లి, వెల్లుల్లిలో ఈ రకం పీచే దండిగా ఉందని ఎవరైనా చెబితే నిజమే గానీ, అవి కుక్క రక్తకణాల్ని పగలగొడతాయి, గిన్నె దరిదాపులకి రానీయకూడదు. మలంలో రక్తం, వాంతులు, తిండి ముట్టకపోవడం, చిగుళ్లు పాలిపోవడం ఉంటే పొడులన్నీ పక్కన పెట్టి, మలం శాంపిల్ పట్టుకుని అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నులిపురుగులో, పిడుదుల జ్వరమో, పిల్ల కుక్కయితే పార్వో అనే వైరస్ జబ్బో తేలాలి.

మళ్లీ కొంటామా? కొంటాం, డబ్బా కాదు. అదే మిశ్రమం 1 గ్రాము పొట్లాల్లో దొరుకుతోంది, గ్రాము లెక్కన ఖరీదు ఎక్కువే. ఒక్క కుక్క ఉన్న ఇంటికి, వానలున్నన్నాళ్లు అదే నయం. నాలుగైదు కుక్కలుండి డబ్బా వారంలో ఖాళీ అయ్యే ఇంటికి ఈ గొడవే లేదు, పెద్ద డబ్బాయే తీసుకోవచ్చు. మేమూ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా డబ్బాయే వాడతాం, త్రాసు మాత్రం పక్కనే పెట్టుకుని.