పెట్రోల్ బంక్ పక్క నేల చెడిందా? బోరు నీళ్ళ పరీక్ష, మట్టి తవ్వి చూడటం, పరిశీలన బావులు: ఏది మేలు?

వరంగల్ దగ్గరి హసన్‌పర్తి వైపు మా చిన్నాయన ఇంటికీ, రోడ్డు మీది పెట్రోల్ బంక్‌కీ మధ్య రెండు ప్లాట్లే. పోయిన ఎండాకాలం చేదబావిలో బొక్కెన వేస్తే నీళ్ళ మీద రంగురంగుల పొర తేలుతూ కనిపించింది, గుప్పున వాసన కూడా. బంక్ వాళ్ళను అడిగితే "మా బోరు నీళ్ళు టెస్ట్ చేయించినం, ఏం లేదు" అని కాగితం చేతిలో పెట్టారు. అందులో టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క), హార్డ్‌నెస్, ఫ్లోరైడ్, నైట్రేట్ ఉన్నాయి. పెట్రోల్ సంగతి చెప్పే అంకె ఒక్కటీ లేదు. శాంపిల్ తీసింది సెప్టెంబర్‌లో.

ముందు ఈ బోరు పరీక్ష సంగతే చెప్తాను, ఎందుకంటే అందరూ మొదట చేసేది ఇదే. చవక, ఒక్క రోజు పని. కానీ మన దగ్గర నేల ఎట్లా ఉంటుంది? పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద గట్టి రాయి. బోరు వేసినప్పుడు మట్టి కూలకుండా రాయి తగిలేదాకా కేసింగ్ పైపు దించుతాం, నీళ్ళేమో ఎంతో లోతున రాతి పగుళ్ళలోంచి వస్తాయి. పెట్రోల్, డీజిల్ రెండూ నీళ్ళకన్నా తేలిక, అవి పైనీళ్ళ మీద తేలుతూ ఉంటాయి. అంటే కేసింగ్ అడ్డుపెట్టిన చోటే అసలు సమస్య ఉండొచ్చు, కింది నీళ్ళు కొన్నాళ్ళు బాగానే ఉండొచ్చు. చేదబావికి ఆ అడ్డు లేదు కాబట్టే చిన్నాయనకు పొర కనిపించింది.

బోరు నీళ్ళే పంపించాలనుకుంటే పెట్రోల్‌లో ఉండే రసాయనాలు బెంజీన్, టోలుయీన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్ చూడమని పేరు పెట్టి అడగాలి. మినరల్ వాటర్ బాటిల్‌లో సగం నింపి పంపితే బెంజీన్ దారిలోనే ఆవిరై పోతుంది. 40 మిల్లీలీటర్ల గాజు సీసా, బుడగ లేకుండా అంచుదాకా నింపి ఐస్ పెట్టెలో పంపాలి. వాసన రాలేదు కదా అని ఊరుకోవద్దు: తాగేనీళ్ళలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు, ముక్కుకు తెలియాలంటే దాదాపు వెయ్యిరెట్లు ఎక్కువ ఉండాలి. బెంజీన్ క్యాన్సర్ తెచ్చే రసాయనం, ఇందులో అనుమానమేమీ లేదు.

రెండోది బంక్ లోపలే మట్టి తవ్వి చూడటం. ట్యాంకుల పక్కన, ట్యాంకర్ నింపే చోట, పంపుల కింద, పైపుల అతుకుల దగ్గర సన్నటి గుంతలు వేసి మీటరుకొక మట్టి నమూనా తీసి, ఆవిరి కొలిచే మీటరుతో అక్కడికక్కడే చూసి, ఎక్కువ చూపినవి ల్యాబ్‌కు పంపుతారు. ఎర్రమట్టిలో చేతి ఆగర్ (చేత్తో తిప్పుతూ మట్టి తొలిచే పనిముట్టు) దిగుతుంది, గట్టి మొరం తగిలితే చిన్న మిషన్ కావాలి. లీకు ఎక్కడుందో పట్టించేది ఇదే, నాకు దీని మీదే ఎక్కువ నమ్మకం. లోపం ఏమిటంటే గుంత రెండడుగులు పక్కకు పడినా దొరకకపోవచ్చు, పైగా చెడు నీళ్ళు ఎటు పోయాయో ఇది చెప్పదు. భూమిలో పైపులు, కరెంటు తీగలు ఉంటాయి కాబట్టి బంక్ వాళ్ళు దగ్గరుండి చేయించాల్సిన పని, మనం గడ్డపార పట్టుకుని పోయేది కాదు. "స్టాక్ సరిగ్గానే ఉంది" అనే మాట కూడా వింటారు. రోజుకు లీటరో రెండో కారితే ఎండకు ఇంధనం ఉబ్బి తగ్గే తేడాలోనే అది కలిసిపోతుంది, రిజిస్టర్‌లో దొరకదు.

మట్టిలోని గాలిని మాత్రమే పీల్చి చూసే పద్ధతి ఒకటుంది, త్వరగా అవుతుంది గానీ తడి రేగడిలో గాలే కదలదు.

మూడోది పరిశీలన బావులు, అంటే నీటి మట్టం చూడటానికి, నమూనా తీయడానికి వేసే సన్నటి బోర్లు. ఖర్చంతా ఇక్కడే. కనీసం మూడు, త్రిభుజంలా వేస్తే నీటి మట్టాల తేడాను బట్టి నీళ్ళు ఎటు వాలుతున్నాయో తెలుస్తుంది. చిల్లుల పైపు మే నెల మట్టం నుంచి అక్టోబర్ మట్టం దాకా రెండింటినీ కలిపి ఉండాలి, లేకపోతే తేలే పొర పైపులోకే రాదు. లోతుకు పోతే మంచిదని రాయి దాకా తొలిచారో, పెట్రోల్‌కు కిందికి మనమే దారి వేసినట్టు. ఇంకొకటి, రాతి పగుళ్ళలో నీళ్ళు వాలు ప్రకారమే పోతాయని లేదు, అందుకే మూడు బావులతో తేలకపోతే నాలుగోది వేయాల్సిందే.

కాలం కూడా చూసుకోవాలి. వానలకు మట్టం పెరిగితే మట్టి రేణువుల మధ్య చిక్కుకున్న పెట్రోల్ నీళ్ళ కింద మునిగిపోతుంది, పొర మాయమవుతుంది. ఎండాకాలం మట్టం దిగాక మళ్ళీ తేలుతుంది. సెప్టెంబర్ కాగితాన్ని నేను నమ్మనిది ఇందుకే.

ఒక్కదానికే డబ్బులుంటే నేనైతే ట్యాంకుల పక్కన మట్టి గుంతలు, దాంతోపాటు చేదబావి నీళ్ళు గాజు సీసాలో. అక్కడ తేలితే మూడు బావులు ఆలస్యం చేయకుండా వేయాలి. బోరు పరీక్ష ఆ బోరు నీళ్ళు తాగేవాళ్ళ కోసం తప్పక చేయించాలి, బంక్ తప్పు లేదని చెప్పడానికి మాత్రం అది సరిపోదు. చిన్నాయన వాళ్ళు ఇప్పుడు తాగడానికి, వంటకు మిషన్ భగీరథ నీళ్ళే వాడుతున్నారు. బావి మీద రేకు మూత పెట్టి, ట్యాంకుల దగ్గర గుంతలు వేయించమని బంక్ వాళ్ళకు రాసిచ్చి, అదే కాగితం నకలు కాలుష్య నియంత్రణ మండలికి పంపాం.