‘ద ఫ్లాటే ఎనిగ్మా’ కొనేవారికి హెచ్చరిక: 184వ పేజీ తర్వాత 201 వస్తోంది

ఐస్‌లాండ్ రచయిత విక్టర్ ఆర్నార్ ఇంగోల్ఫ్‌సన్ రాసిన ‘ద ఫ్లాటే ఎనిగ్మా’ నవలను ఆన్‌లైన్‌లో కొనాలనుకుంటున్నవారు ఇది చదివాకే డబ్బు కట్టండి. నేను 349 రూపాయలు పెట్టి కొన్నది దొంగ ముద్రణ. అందులో ఒక ఫారం, అంటే 16 పేజీలు, అసలే లేవు. ఇందులో నవలకు గానీ, రచయితకు గానీ, అసలు ప్రచురణకర్తలకు గానీ ఏ సంబంధమూ లేదు. తప్పంతా అమ్మినవారిదే.

పదహారు పేజీలకే ఇంత బాధా అని మా ఇంట్లోనే అడిగారు. వేరే అపరాధ పరిశోధన నవల అయితే ఎలాగో ఊహించుకుని ముందుకు వెళ్లేదాన్నేమో. ఈ నవలలో అది కుదరదు.

కథ 1960లో జరుగుతుంది. ఐస్‌లాండ్ పశ్చిమ తీరంలో బ్రేయ్దాఫ్యోర్దుర్ అనే పెద్ద అఖాతం ఉంది. అందులో చిన్న చిన్న దీవులు లెక్కలేనన్ని. ఫ్లాటే వాటిలో ఒకటి, పొడవు రెండు కిలోమీటర్లు ఉంటుందేమో. సీల్ వేటకు వెళ్లిన ఒక కుటుంబానికి దగ్గర్లోని నిర్జన దీవిలో శవం కనిపిస్తుంది. జిల్లా మేజిస్ట్రేటు కార్యాలయం నుంచి క్యార్తాన్ అనే యువకుడు విచారణకు వస్తాడు. ఇంతకన్నా చెప్పను, చదవబోయేవారికి అన్యాయం చేయలేను.

హత్య విచారణ ఒక దారం. దాంతో పెనవేసుకున్న రెండో దారం ఫ్లాటేయార్‌బోక్ అనే ప్రాచీన గ్రంథం. ఇది కల్పన కాదు, నిజంగా ఉన్న పుస్తకం. ఇద్దరు మతాచార్యులు 1387లో మొదలుపెట్టి దూడ చర్మం మీద రాసిన నార్వే రాజుల గాథలు, స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల ప్రభువుల గాథలు, గ్రీన్‌లాండ్ వలసల కథలు ఇందులో ఉన్నాయి. మొత్తం 225 పత్రాలు. శత్రువు వీపు చీల్చి, పక్కటెముకలను రెక్కల్లా విప్పే ఒక భయంకర శిక్ష ప్రస్తావన ఈ పాత గాథల్లోదే. అది నిజంగా జరిగేదా, కవుల కల్పనా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నవలలో ఆ గాథల మీద అల్లిన ఒక పొడుపుకథ ఉంది. దాని ప్రశ్నలు అధ్యాయాల చివర ఒక్కొక్కటిగా వస్తాయి. ఒక ప్రశ్న పోతే దాని జవాబూ పోతుంది, ఆ జవాబు తెరిచే తలుపూ మూసుకుపోతుంది. నా ప్రతిలో పోయిన 16 పేజీలతో ఎన్ని ప్రశ్నలు పోయాయో నేను లెక్కపెట్టుకోలేని స్థితి.

ఆ గ్రంథం చరిత్ర తెలిశాక నా కోపం ఇంకా పెరిగింది. పదిహేడో శతాబ్దంలో అది ఫ్లాటే దీవిలో ఒక రైతు ఇంట్లో ఉండేది. స్కాల్‌హోల్ట్ బిషప్ బ్రిన్యోల్‌ఫుర్ దాన్ని కొనాలని వచ్చి, డబ్బు ఇస్తానన్నా, భూమి ఇస్తానన్నా ఆ రైతు ఒప్పుకోలేదట. తీరా బిషప్ తిరిగి వెళ్లేటప్పుడు పడవ దాకా సాగనంపి, చేతిలో పెట్టి ఊరికే ఇచ్చేశాడని చెబుతారు. 1656లో బిషప్ దాన్ని డెన్మార్క్ రాజుకు పంపారు. మూడు వందల ఏళ్లు దాటాక, 1971 ఏప్రిల్ 21న, డెన్మార్క్ నౌకాదళం ఓడలో అది ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌కు తిరిగొచ్చింది. రేవులో జనం కిక్కిరిసి ఎదురుచూశారు. ఒక జాతి ఇంతగా గుండెల్లో పెట్టుకున్న గ్రంథం చుట్టూ అల్లిన నవలను, మధ్యలోంచి ఒక ఫారం ఎగరగొట్టి, జిగురు పూసి అమ్ముతున్నారు.

నాకు వచ్చిన ప్రతి ఎలా ఉందో చెబుతాను, పోల్చి చూసుకోండి. చేతిలోకి తీసుకోగానే తేలికగా అనిపించింది. కాగితం పలచన, వెనక పేజీ అక్షరాలు ఇవతలికి కనబడుతున్నాయి. లోపలి అంచు ఎంత ఇరుకంటే, వరుస చివరి అక్షరాలు చదవడానికి పుస్తకాన్ని రెండు చేతులతో విరిచి పట్టుకోవాలి. అలా పట్టుకున్న రెండో రోజే వెన్ను దగ్గర జిగురు పెళుసుగా చిట్లింది. ఐస్‌లాండ్ పేర్లలో అక్షరాల మీద గీతలు, చుక్కలు ఉంటాయి కదా, అవి ఉండాల్సిన చోటల్లా చిన్న నల్ల పెట్టెలు. రచయిత పేరులోని ‘ఓ’ కూడా లోపలి పేజీలో నల్ల పెట్టే. అప్పుడే అనుమానించాల్సింది. పరాయి భాష పేర్లు, ముద్రణలో ఏదో ఇబ్బంది వచ్చి ఉంటుందని సర్దుకున్నాను.

తొమ్మిదో రోజు రాత్రి 184వ పేజీకి ఎదురుగా 201 కనిపించింది. రెండు పేజీలు అంటుకున్నాయేమో అని గోటితో విడదీయబోయాను. అంటుకోలేదు, లేనే లేవు.

వాపసు గడువు ఏడు రోజులే. అమ్మినవారికి ఫొటోలు పంపితే “ఈ ఎడిషన్ ఇలాగే వస్తుంది మేడమ్” అని జవాబు. మళ్లీ అడిగితే, నేను పెట్టిన సమీక్ష తీసేస్తే సగం డబ్బు వెనక్కి ఇస్తామన్నారు. ఒప్పుకోలేదు. ఆ సమీక్ష చూసి ఒక్కరైనా ఆగితే నాకు ఆ 175 రూపాయలకన్నా ఎక్కువ.

కాబట్టి పార్సెల్ విప్పిన రోజే, కథ మొదలుపెట్టకముందే, పేజీ అంకెలు మొదటి నుంచి చివరి దాకా తిప్పి చూడండి. పది నిమిషాల పని. అనువాదకుడు బ్రయన్ ఫిట్జ్‌గిబన్ పేరు, ఇంగ్లిషు ప్రచురణ సంవత్సరం 2012 కాపీరైటు పేజీలో ఉన్నాయా చూడండి. నా ప్రతిలో ఆ పేజీయే లేదు. వెనక అట్ట మీది ఐఎస్‌బీఎన్ అంకెను, అంటే పుస్తకం గుర్తింపు సంఖ్యను, లోపలి అంకెతో పోల్చండి. ఈ-పుస్తకం నమూనా అధ్యాయం ఫోనులో ఉచితంగా తెరుచుకుంటే, మొదటి అధ్యాయాన్ని దాంతో పక్కపక్కన పెట్టి చదవండి. నల్ల పెట్టెల సంగతి నాకు అలాగే తేలింది, కాకపోతే ఆలస్యంగా. పార్సెల్ విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి.

ఇప్పటికే మోసపోయి ఉంటే ఊరుకోకండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, అమ్మకపు వేదిక ఫిర్యాదుల అధికారి మన ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. విక్రేతతో వాదిస్తూ నేను పది రోజులు వృథా చేసుకున్నాను. మీరు నేరుగా ఆ అమ్మకపు వేదిక ఫిర్యాదుల అధికారికే రాయండి. అక్కడ కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేయండి. నేను చేశాను, ఫిర్యాదు నమోదైంది. దొంగ ముద్రణ చిన్న తప్పేమీ కాదు, 1957 కాపీరైటు చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు పడే నేరం.

నిన్న చూస్తే అదే ప్రతి మరో విక్రేత పేరుతో, 20 రూపాయలు తగ్గించి, మళ్లీ అమ్మకానికి వచ్చింది. అట్ట ఫొటో అదే: కుడి వైపు కాస్త వంకరగా కత్తిరించి, రచయిత పేరులో చివరి అక్షరం సగం తెగిపోయి ఉంటుంది. అది కనిపిస్తే కొనకండి.