మూడు క్రూయిజ్‌లు, పదకొండు రాత్రులు: ఇంటిల్లిపాదికీ గదులు ఎలా తీసుకున్నామంటే

మాది నెల్లూరు, వేదాయపాళెం. ఇంట్లో అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. ఒంగోలు నుంచి ఆడపడుచు, అన్నయ్య, వాళ్ల పాప కూడా కలిస్తే తొమ్మిది మందిమి. 2022 జూన్‌లో చెన్నై నుంచి క్రూయిజ్‌లు, అంటే ఓడలో విహారయాత్రలు, మొదలయ్యాక ఇప్పటిదాకా మూడుసార్లు వెళ్లొచ్చాం. ఆ ఏడాది ఆగస్టులో చెన్నైలో ఎక్కి, సముద్రం మీద తిరిగి మళ్లీ చెన్నైకే వచ్చే రెండు రాత్రుల ట్రిప్పు. 2023లో చెన్నై నుంచే శ్రీలంకకు అయిదు రాత్రులు. 2025 మేలో సింగపూర్ నుంచి మలేషియాలోని పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ చూసి వచ్చే నాలుగు రాత్రులు. భోజనాల గురించి, షోల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను గదుల గురించే రాస్తాను. మూడుసార్లూ మా పెద్దవాళ్లకు ప్రయాణం సుఖంగా జరిగిందా లేదా అన్నది గది దగ్గరే తేలింది.

మొదటిసారి మాకేమీ తెలియదు. కిటికీ లేని గదిని ఇన్‌సైడ్ అంటారు, తెరవడానికి వీల్లేని అద్దం కిటికీ ఉంటే ఓషన్ వ్యూ, ఆ పై తరగతి బాల్కనీ ఉన్న గది, ఇంకా పై తరగతి సూట్ అనే పెద్ద గది. పడుకోవడానికేగా, కిటికీతో పనేముంది అనుకుని మూడు గదులూ ఇన్‌సైడ్ తీసుకున్నాం. ఇన్‌సైడ్ గది అంటే సుమారు 150 చదరపు అడుగులు ఉంటుంది. మన ఇళ్లలో పన్నెండు బై పన్నెండు బెడ్‌రూమ్ ఎంతో అంత, బాత్రూమ్, అల్మారా, మంచం అన్నీ అందులోనే.

ఆ రాత్రి గదిలో ఫోన్ మోగింది. మామయ్య. "తెల్లారిందా అమ్మాయ్?" అన్నారు. టైము చూస్తే మూడుంపావు. వెళ్లి చూస్తే స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని మంచం అంచున కూర్చుని ఉన్నారు. ఇంట్లో ఆయన నాలుగున్నరకు లేస్తారు, సూర్యుడికి దణ్ణం పెట్టుకున్నాకే కాఫీ. ఆ గదిలో లైటు తీసేస్తే కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. మధ్యలో మెలకువ వచ్చి, తెల్లవారిందనుకుని తయారైపోయారు. కాసేపు కూర్చుని, "నిద్ర పో అమ్మా, నాకేం ఫర్లేదు" అన్నారు. అదే చీకటి మా పిల్లలకు మహా హాయి, పదింటిదాకా లేవలేదు. ఒకే రకం గది ఒకరికి వరం, ఇంకొకరికి శిక్ష అని అప్పుడు అర్థమైంది.

రెండో సంగతి గడప. ఓడ గదుల్లో బాత్రూమ్ నీళ్లు బయటికి రాకుండా గుమ్మానికి ఎత్తుగా గడప కట్టి ఉంటుంది. మేం చూసిన మామూలు గదులన్నిటిలోనూ ఉంది, నాలుగు వేళ్ల ఎత్తు ఉంటుంది. మన ఇళ్లలో బాత్రూమ్ పల్లంలో ఉంటుంది కాబట్టి కాలు కిందికి దించడం అలవాటు, ఎత్తడం అలవాటు లేదు. అత్తయ్యకు 71 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగాయి. రాత్రి లేచినప్పుడు కాలు తగిలి బొటనవేలి గోరు చిట్లింది. తలుపు పిడి చేతికి దొరకబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది. ఆ తర్వాత రెండు ట్రిప్పుల్లోనూ ఓడ ఎక్కగానే మొదటి పని, ఆ గడప మీద తెల్లటి టేపు అతికించి, బాత్రూమ్ లైటు వేసి తలుపు ఓరగా వేయడం. దిగేముందు టేపు తీసేస్తాం.

గడప లేని గదులు కూడా ఉంటాయి. వీల్‌చైర్ వాడేవాళ్ల కోసం కట్టినవి, యాక్సెసిబుల్ క్యాబిన్ అంటారు. తలుపు వెడల్పు ఎక్కువ, షవర్ కింద కూర్చునే పీట, గోడకు పట్టుకునే కడ్డీలు ఉంటాయి. ఓడ మొత్తానికి ఇవి కొద్దిగానే ఉంటాయి, అందుకే ముందే అయిపోతాయి. 2025లో మేం అయిదు నెలల ముందు అడిగినా దొరకలేదు. మామూలు గది తలుపు సన్నం. మడిచే వీల్‌చైర్ అయినా తెరిచి ఉంచితే లోపలికి పట్టదు. పెద్దవాళ్లకు నడక నిజంగా కష్టమైతే టికెట్ల ధరలు చూడకముందే ఈ గది ఖాళీ ఉందో లేదో అడగండి.

శ్రీలంక ట్రిప్పుకి అత్తయ్య వాళ్లకు ఓషన్ వ్యూ తీసుకున్నాం. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని మామయ్య గంటలు గంటలు కూర్చున్నారు. అంతవరకు బాగుంది. కానీ మిగతా గదుల దగ్గర దెబ్బ తిన్నాం. బుక్ చేసిన ఏజెంటు "గ్యారంటీ రూమ్ మేడమ్, రేటు కూడా తక్కువ" అన్నాడు. గ్యారంటీ అన్న మాట వినగానే ధీమాగా అనిపిస్తుంది. అసలు అర్థం ఏమిటంటే, ఆ రకం గది ఒకటి ఇస్తామన్నదే గ్యారంటీ. ఏ అంతస్తు, ఏ మూల, ఎవరి పక్కన అన్నది వాళ్ల ఇష్టం. ఇద్దరు స్నేహితులు వెళ్తే దీంతో డబ్బు మిగులుతుంది. ముసలివాళ్లతో, పసిపిల్లలతో వెళ్లేవాళ్లు మాత్రం దీని జోలికి పోకండి. అత్తయ్య వాళ్లు ఒక అంతస్తులో, మేం రెండు అంతస్తుల పైన, ఆడపడుచు వాళ్లు ఓడ ఆ చివర. రాత్రి అత్తయ్యకు మాత్రలు వేయించడానికి నేను మెట్లు దిగి వెళ్లి, వరండా అంతా నడిచి, మళ్లీ ఎక్కి రావాలి. లిఫ్టు దగ్గర భోజనాల వేళ ఎప్పుడూ జనమే. అయిదు రాత్రులూ అదే టెన్షన్.

ఇంకో మాట కూడా అప్పుడే నేర్చుకున్నాం. "పక్కపక్క గదులు" వేరు, కనెక్టింగ్ గదులు వేరు. కనెక్టింగ్ అంటే రెండు గదుల మధ్య లోపలే తలుపు ఉంటుంది. మీకు ఆ తలుపు కావాలంటే ఆ మాటే వాడి, గది నంబర్లు కాగితం మీద తీసుకోండి. ఒక ఇబ్బంది మాత్రం ఉంది, ఆ తలుపు సందులోంచి మాటలు వినిపిస్తాయి. అవతల మనవాళ్లే ఉంటే ఏమీ కాదు. తెలియనివాళ్లు ఉంటే వాళ్ల టీవీ మన టీవీయే.

మూడోసారి నేను నెలరోజులు ఓడ డెక్ ప్లాన్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ప్రతి కంపెనీ ఏ అంతస్తులో ఏముందో చూపించే ఈ పటం ఇస్తుంది, తప్పకుండా చూడండి. ఊపు విషయం తేలిక. తూగుడుబల్ల మీద చివర కూర్చున్నవాడే కదా ఎక్కువ లేచిపడేది, మధ్యలో ఉన్నవాడికి ఏమీ తెలియదు. ఓడ కూడా అంతే. ముందు భాగం, వెనక భాగం, పై అంతస్తులు ఎక్కువ ఊగుతాయి. మధ్యలో, కింది అంతస్తుల్లో తక్కువ. ఎంత ఎత్తుకు పోతే అంత ధర పెరుగుతుంది గానీ వాంతులయ్యేవాళ్లకు ఆ ఎత్తే శత్రువు. ఆగస్టు ట్రిప్పులో ముందు భాగంలో గది దొరికిన మా ఆడపడుచు రెండు రోజులూ మంచం దిగలేదు. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం ఎలా ఉంటుందో నెల్లూరు వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

మధ్యలో అంటే లిఫ్టుకు దగ్గర కూడా అవుతుంది. పెద్ద ఓడలు 300 మీటర్లు దాటి ఉంటాయి. చివరి గది నుంచి భోజనానికి వెళ్లిరావడమే అత్తయ్యకు ఒక ప్రయాణం. అయితే లిఫ్టుకు సరిగ్గా ఎదురుగా వద్దు, రాత్రంతా మాటలు వినిపిస్తాయి. నాలుగైదు తలుపుల అవతల ఉంటే చాలు. మెట్లు కూడా దగ్గరుండాలి, ఎందుకంటే ప్రమాద సమయంలో లిఫ్టులు వాడనివ్వరు. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా మునిగి 32 మంది చనిపోయాక, ఓడ బయల్దేరకముందో, బయల్దేరిన వెంటనేనో అందరికీ భద్రతా డ్రిల్లు జరిపి తీరాలన్న నియమం వచ్చింది. ఆ డ్రిల్లుకు పెద్దవాళ్లను తీసుకుని మెట్ల దారిలో ఒకసారి నడవండి. ఎంతసేపు పడుతుందో అప్పుడే తెలిసిపోతుంది.

డెక్ ప్లాన్‌లో పైన, కింద ఏముందో కూడా చూడాలి. అత్తయ్య వాళ్ల గదికి పైనా కిందా మామూలు గదులే ఉండేట్టు చూశాను. ఆడపడుచు వాళ్ల గదికి మాత్రం పై అంతస్తు చూడడం మర్చిపోయాను. అక్కడ బఫే హాలు. తెల్లవారుజామున అయిదింటికల్లా కుర్చీలు ఈడ్చే చప్పుడు, పాప ఉలిక్కిపడి లేచేది. ఈత కొలను కింద, నైట్ క్లబ్బు మీద ఉండే గదులు కూడా ఇలాగే ఉంటాయి.

ఇక అసలు సంగతి, బాల్కనీ. డబ్బు పెట్టి ఒకే బాల్కనీ గది తీసుకోగలిగితే అది ఎవరికి? చాలా ఇళ్లలో సంపాదించే జంట తీసుకుంటారు. నా అనుభవంలో అది పెద్దవాళ్లది. ఫుకెట్‌లో మా ఓడ ఒడ్డుకు రాకుండా సముద్రంలోనే లంగరు వేసింది, చిన్న పడవల్లో పటోంగ్ బీచ్‌కు దింపారు. ఊగే పడవలోకి అడుగు వేయడం అత్తయ్య వల్ల కాదు, మామయ్య ఆమెను వదిలి రారు. మేమంతా దిగి రోజంతా తిరిగి వచ్చేసరికి ఇద్దరూ బాల్కనీలో కుర్చీలు వేసుకుని, నేను తెచ్చిన పప్పుచెక్కలు తింటూ, వచ్చేపోయే పడవలు లెక్కపెడుతున్నారు. గదిలో పగలంతా ఉండేది వాళ్లే. మనం గదికి వచ్చేది నిద్రకే, మనకు ఇన్‌సైడ్ చాలు. అందుకే అత్తయ్య వాళ్లకు బాల్కనీ, వరండాకు ఇటువైపు వాళ్ల తలుపుకు ఎదురుగా నేనూ మా అమ్మాయీ, పక్క గదిలో మా ఆయన, మా అబ్బాయి. మా నలుగురికీ రెండు ఇన్‌సైడ్ గదులు, అంటే రెండు బాత్రూమ్‌లు. ఒకే గదిలో నలుగురు పడుకోవచ్చు, పైనుంచి దించే మంచాలు ఉంటాయి, మూడో మనిషికి, నాలుగో మనిషికి ధర కూడా తక్కువే. కానీ ఓడ రేవు చేరే రోజు పొద్దున ఒక్క బాత్రూమ్‌తో నలుగురు తయారవడం ఎలా ఉంటుందో మొదటి రెండుసార్లూ చూశాను.

బాల్కనీ పెద్దవాళ్లకు ఇవ్వడంలో ఇంకో మేలు, నాలుగేళ్ల పాప ఉన్న గదికి బాల్కనీ లేకపోవడం. కమ్మీ పక్కన కుర్చీ ఉంటే పిల్లలు ఎక్కుతారు. పాప తాత గదికి వచ్చినప్పుడల్లా తలుపు పై గడియ వేసేవాళ్లం. అయితే బాల్కనీ తలుపుకూ గడప ఉంది, నేను ముందు ఊహించలేదు. టేపు అక్కడా పడింది.

సూర్యుడి కోసం ఎడమ, కుడి కూడా చూశాను. సింగపూర్ నుంచి పెనాంగ్ వైపు వెళ్తుంటే తూర్పు ఓడకు కుడివైపున ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు ఎడమకు మారుతుంది. కుడివైపు గది తీసుకున్నాం. పెనాంగ్ చేరిన పొద్దున ఏడింటికి ఎదురు గది తలుపు తట్టి చూస్తే మామయ్య బాల్కనీలో నిలబడి ఉన్నారు, ఇంకా ఎర్రగానే ఉంది. నన్ను చూసి, "తెల్లారింది అమ్మాయ్" అన్నారు.

చిన్న చిన్న విషయాలు రెండు మూడు. మేం వెళ్లిన ఓడల్లో టాయిలెట్ పక్కన జెట్ స్ప్రే లేదు, ప్లాస్టిక్ మగ్గు ఒకటి పెట్టుకెళ్లండి. ఫ్లష్ గాలితో పెద్ద శబ్దం చేస్తూ లాగుతుంది, పెద్దవాళ్లకు ముందే చెప్పకపోతే భయపడతారు. గోడలు, తలుపులు ఇనుపవి కాబట్టి అయస్కాంతం అంటుకుంటుంది. అత్తయ్య గది తలుపుకు మా ఇంటి ఫ్రిజ్ మీది వెంకటేశ్వరస్వామి బొమ్మ అంటించాం. వరస వరసంతా ఒకేలా ఉన్న తలుపుల మధ్య ఆమె ఒక్కతే వెతుక్కుంటూ వచ్చి చేరేవారు. ఇస్త్రీ పెట్టె, కెటిల్ తీసుకెళ్తే ఎక్కేటప్పుడే పట్టుకుంటారు. గది ధర ఒక మనిషికి అని రాస్తారు, అది ఇద్దరు ఉంటారన్న లెక్క. ఒక్కరే ఉంటే దాదాపు రెండో మనిషి డబ్బు కూడా కట్టాలి. మా పెద్దమ్మను తీసుకెళ్దామని అడిగినప్పుడు ఈ సంగతి తెలిసింది.

వచ్చే ఏడాదికి మళ్లీ అనుకుంటున్నాం. ఈసారి మా అమ్మ కూడా వస్తానంది. ముందుగా అడిగింది గడప లేని గదే, ఓడ మధ్యలో ఒకటి దొరికింది, అత్తయ్య పేరు మీద ఖాయం చేశాం. అమ్మకు మా అమ్మాయితో కలిపి పక్క గది అడిగాను, ఇంకా జవాబు రాలేదు. మిగతా అందరివీ ఆ తర్వాత.