పెద్ద కచేరీనా, చిన్న హాలా, సొంత మైకా? ర్యాప్ పిచ్చి ఉన్నవాడికి ఏది మేలు?

మా అక్క కొడుకు నెల్లూరులో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. వాడికి ర్యాప్ అంటే ప్రాణం. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు, ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుకు పండగ డబ్బులు కలిపి ఆరు వేలు నా ముందు పెట్టాడు. "మామా, హైదరాబాద్‌లో పెద్ద షో ఉంది, దానికి పోనా? చెన్నైలో ఒక చిన్న హాల్లో మనలాంటి కుర్రోళ్లే పాడతారంట, దానికి పోనా? లేకపోతే మైక్ కొనుక్కోమంటావా?" అని అడిగాడు.

ఏదో ఒకటి చెప్పి పంపించాలని అనిపించలేదు. మా నాన్నకు మైక్ సెట్ అంగడి ఉండేది. నేను స్పీకర్ల మధ్యే పెరిగాను. స్టేడియంలో కచేరీ చూశాను, వంద మంది కూడా పట్టని గదిలోనూ చూశాను. రెండు రోజులు ఆలోచించి వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పెద్ద కచేరీ సంగతి. మూడేళ్ల కిందట సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్లాను. టికెట్టే 3,500. రైలు, ఆటోలు, తిండి, లాడ్జి అన్నీ కలిపి ఏడు వేలు దాటింది. అయినా ఆ రాత్రిని తక్కువ చేసి మాట్లాడలేను. వేల మంది ఒకేసారి ఒక లైను అందుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. బేస్ దెబ్బ గుండెల్లో తగులుతుంది. ఆ అనుభవం ఇంట్లో ఏ హెడ్‌ఫోన్ పెట్టుకున్నా రాదు. ఇరవై ఏళ్ల వయసులో ఒక్కసారైనా చూడాల్సిందే.

కానీ ఆ రాత్రి మాటలు వినపడలేదు. నేను నిలబడ్డది స్టేజీకి వంద మీటర్ల అవతల. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి, స్టేజీ మీద స్పీకర్లలో పలికిన మాట నా దగ్గరికి రావడానికి దాదాపు 0.3 సెకను పట్టింది. నిమిషానికి 90 దెబ్బల బీట్ మీద ర్యాప్ చేస్తే, దెబ్బకు నాలుగు అక్షరాల చొప్పున ఒక్కో అక్షరం 0.17 సెకనులో అయిపోతుంది. అంటే తెర మీద పెదవులు కదిలాక దాదాపు రెండు అక్షరాలు ఆలస్యంగా నాకు మాట చేరుతోంది. పైగా పెద్ద షోల్లో ముందే రికార్డు చేసిన గొంతు కింద మోగుతుంటే, పాడేవాడు లైను చివరి మాటలు మాత్రమే పైన అనడం చాలాచోట్ల ఉన్నదే. కర్ణాటక కచేరీకో సినిమా పాటకో ఈ నష్టం కొంతే, రాగం మిగిలే ఉంటుంది. ర్యాప్‌లో మాట పోతే ఇక మిగిలేది దరువే.

ఇంకో సంగతి నన్ను బాధపెట్టింది. రాత్రి పదింటికి ఆరుబయట లౌడ్‌స్పీకర్లు ఆపాలని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి. అందుకని జనం చూడవచ్చిన పెద్ద ర్యాపర్ కచేరీ ఎనిమిదికే మొదలవ్వాలి. ఆయనకు ముందు పాడిన మన తెలుగు కుర్రాళ్లకు సాయంత్రం అయిదున్నరకు, గేట్ల దగ్గర ఇంకా తోపులాట జరుగుతుండగా పది నిమిషాలు ఇచ్చారు. వాళ్లు ఎంత బాగా రాసుకొచ్చారో విన్నవాళ్లు లేరు.

చిన్న హాలు వేరు. చెన్నైలో ఒక కేఫ్ పై అంతస్తులో చూశాను. ఎనభై మంది ఉంటామేమో. పాడే కుర్రాడికీ నాకూ మధ్య నాలుగు అడుగులు. ఊపిరి తీసుకోవడం వినపడింది. ఒక లైను మధ్యలో తడబడి ఆగిపోయాడు. వెనక నుంచి ఎవరో "మొదట్నుంచీ అందుకో" అన్నారు. బీట్ వేసేవాడు వెనక్కి తిప్పాడు, కుర్రాడు మళ్లీ అందుకున్నాడు. ఈసారి ఆ లైనుకు హాలంతా కేక పెట్టింది.

అది చూస్తుంటే నాకు కోవూరు దగ్గర ఒక ఊరి తిరునాళ్ల గుర్తొచ్చింది. నాన్న మైక్ కట్టారు, నేను యాంప్లిఫయర్ పక్కన కూర్చున్నాను. బుర్రకథ. మధ్యలో కథకుడు తంబురాతో, రెండు పక్కలా వంతలు గుమ్మెటలతో. కథకుడు ఊపు మీద ముందుకు ఉరికినప్పుడల్లా మైక్‌కు దూరమైపోయేవాడు. అయినా ఒక్క మాట పోలేదు, జనం పది అడుగుల్లోనే ఉన్నారు కదా. ముందు వరసలో ఒక ముసలాయన "మళ్లా చెప్పయ్యా ఆ మాట" అన్నాడు. కథకుడు చెయ్యెత్తి గుమ్మెటలు ఆపించి, ఆ చరణమే మళ్లీ ఎత్తుకున్నాడు. మన నెల్లూరుతో అనుబంధమున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. హరికథకూ అంతే, ఒక మనిషి, చిడతలు, కాలి గజ్జెలు, ఎదురుగా వినేవాళ్లు.

ర్యాప్‌కు పుట్టిల్లయిన హిప్ హాప్ మొదలైంది కూడా చిన్న గదిలోనే. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్ కింది గదిలో ఒక పార్టీ జరిగింది. సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి స్కూలు బట్టలు కొనుక్కోవడానికి ఆ పార్టీ పెట్టింది. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు. ఆమె అన్న కూల్ హెర్క్ పాటలు వేశాడు. జనం ఎగిరి ఆడేది పాట మధ్యలో ఉత్త డప్పులు మోగే కాసేపట్లోనే అని గమనించి, ఒకే రికార్డు రెండు కాపీలు పక్కపక్కన పెట్టి, ఒకదాని తర్వాత ఒకటిగా ఆ ముక్కనే తిప్పితిప్పి వేసే పద్ధతి పట్టాడు. ఎదురుగా ఆడేవాళ్ల కాళ్లు కనపడబట్టే ఆ ఆలోచన వచ్చింది.

అందుకే నా లెక్కలో వినడానికి చిన్న హాలే మేలు, అందులో నాకు అనుమానం లేదు. ఫోన్లో వినడం గురించి వేరే చెప్పక్కర్లేదు, అది రోజూ ఉండేదే. హాలుకు పోయే ముందు ఆ కుర్రాళ్ల పాటలు నాలుగైదు సార్లు విని పోతే ఇంకా బాగా పడుతుంది.

ఇక మైక్. దీని మీద మా వాడితో గంట సేపు మాట్లాడాను, ఎందుకంటే వాడు రాస్తాడు. రెండు వేలకు వచ్చే యూఎస్‌బీ మైక్ మొదటి ఏడాదికి చాలు. కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, బట్టల బీరువా తలుపులు తెరిచి అందులోకి చూస్తూ చదివితే గది మోత తగ్గుతుంది. బీట్ మాత్రం జాగ్రత్త. వాడు నిరుడు ఇంటర్నెట్‌లో 'ఫ్రీ' అని రాసి ఉన్న బీట్ మీద పాడి ఎక్కిస్తే మూడో రోజుకే బీట్ కట్టినవాడి కాపీరైట్ క్లెయిమ్ పడింది. ఫ్రీ అంటే చాలాసార్లు డబ్బు సంపాదించనంత వరకే ఫ్రీ అని అర్థం. షరతులు చదివి తీసుకోవాలి, లేదా బీట్ కట్టే స్నేహితుడితో కూర్చోవాలి.

మైక్ కంటే ముందు కావలసింది రాత. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి, వాక్యం చివర క్రియ వస్తుంది. 'వచ్చాడు, చూశాడు, పోయాడు' అని అంత్యప్రాస ఎంతయినా సాగదీయొచ్చు, అందుకే నాలుగో లైనుకే చప్పబడుతుంది. మన ఛందస్సులో మధురగతి రగడ ఉంది. పాదానికి నాలుగు గణాలు, గణానికి నాలుగు మాత్రలు, మొత్తం 16. ర్యాప్‌లో ఒక బార్‌కు, అంటే ఒక లైనుకు, నాలుగు దెబ్బలు, దెబ్బను నాలుగు చేస్తే అదీ 16. ఈ సంగతి చెప్పి, రెండో అక్షరం ప్రాస కూడా కలుపుకో అన్నాను. మర్నాడు పొద్దున కాఫీ దగ్గర ఇది చదివాడు:

పెన్నా ఒడ్డున పెరిగిన గొంతిది
అన్నం పెట్టిన నేలకు వంతిది

టేబుల్ మీద వేళ్లతో దరువు వేసి చూశాను. ఒక్క మాత్ర జారలేదు. బుర్రకథలో వంతను తెచ్చి ఇక్కడ పెట్టాడే అని నాకు కళ్లు చెమర్చాయి.

డబ్బు మాట కూడా చెప్పాలి. స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాట ఏడాదిలో కనీసం వెయ్యి సార్లు మోగితేనే రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకి వస్తుంది. యూట్యూబ్‌లో మామూలు వీడియోల మీద యాడ్స్ డబ్బు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. సినిమాకు రాస్తే ఒకసారి డబ్బిచ్చి పంపేస్తారేమో అని మా వాడి భయం. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో జరిగిన సవరణ, సినిమా హాలు బయట పాట వాడకం మీద వచ్చే రాయల్టీలో రాసినవాళ్ల సమాన వాటాను కాపాడుతుంది. ఆ వసూళ్లు చూసే ఐపీఆర్‌ఎస్ అనే రచయితల, సంగీతకారుల సంస్థ 1969 నుంచీ ఉంది. 2017లో ఇళయరాజా గారు నోటీసు పంపితే బాలు గారంతటివారు స్టేజీ మీద ఆయన కట్టిన పాటలు ఆపాల్సి వచ్చింది. సొంత మాటలు, సొంత బీట్ ఉన్నవాడికి ఆ ఇబ్బంది లేదు. చిన్న హాల్లో 150 మంది తలా 300 ఇస్తే 45,000, హాలు అద్దె పోగా మిగిలింది నేరుగా పాడేవాళ్ల చేతికి వస్తుంది. నెల్లూరులో మన టౌన్‌హాలు ఉండనే ఉంది. నాటకాలు ఆడిన ఆ వేదిక మీద నెలకో సాయంత్రం ఈ పిల్లలు పాడితే వినాలని నాకు ఎంతో ఆశ.

మా వాడు రెండు వేలు మైక్‌కు పక్కన పెట్టాడు. మిగతా నాలుగు వేలలో నాకూ ఒక టికెట్ తీశాడు. వచ్చే శనివారం పొద్దున పినాకినిలో చెన్నై వెళ్తున్నాం. పదహారు లైన్ల చరణం నిండాలంటే ఆ రెండు లైన్ల కింద ఇంకా పద్నాలుగు రాయాలి, రైల్లో రాస్తానంటున్నాడు.